చూరుకు కట్టిన కంకులు

ఎర్రబోరు దగ్గర,
ఆగస్టు 13

హిడ్మేకు,

ఈ ఉదయం ఒక గువ్వ నీళ్లు తాగడం చూశాను. మిగతా పిట్టలు గుక్క తీసుకుని తల పైకెత్తి మింగుతాయి. గువ్వ అలా కాదు. ముక్కు నీళ్లలో పెట్టి, తల ఎత్తకుండా, గొట్టంతో పీల్చినట్టు తాగింది. ఇన్నేళ్లు ఇది చూడకుండా ఎలా ఉన్నానో తెలియదు.

మీ పెరట్లో జామచెట్టు కింద రెండు మట్టి మూకుళ్లు పెట్టాను. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో నూకలు. బడికి వెళ్లేలోపు గడప మీద కూర్చుని చూస్తాను. మొదట గోరింకలు పోట్లాడుకుంటూ వస్తాయి. అవి తిని పోయాక గువ్వలు. పిచ్చుకలు ఎవరున్నా లెక్కచేయవు, మధ్యలో దూరిపోతాయి. పిగిలిపిట్ట నూకలు ముట్టదు. చిలకలు సగం కొరికి వదిలిన జామకాయ కోసం వస్తుంది. కంచె అవతల జెముడుకాకి ఒకటి ఎర్రటి కళ్లతో అటూ ఇటూ నడుస్తుంది. ఇంతవరకు లోపలికి రాలేదు. దాని సంకోచం నాకు అర్థమవుతుంది.

మీ ఇంట్లో దిగిన మొదటి వారం మీ అమ్మను ఆంటీ అని పిలిచాను. "ఆంటీ ఏంది? నేనేమన్న కోంటల దుకాణం పెట్టిన్నా?" అంది. ఇప్పుడు సన్నమ్మ అంటున్నాను. నేను చేసే పని ఆమెకు అంతుపట్టడం లేదు. రోజూ అడుగుతుంది.

"ఎప్పుడు పడుతవే?"

"ఏమిటి పట్టేది?"

"పిట్టలను. నెల సంది మేపుతున్నవ్. కొవ్వెక్కినయ్."

"పట్టను సన్నమ్మా. ఊరికే చూస్తాను."

"ఊరికే చూసేటందుకు నూకలెందుకు? ఊరికే చూడు."

మీ బాబాయి హుంగాకు కూడా చెప్పింది. ఆయన వచ్చి మూకుళ్లు చూసి, నా గదిలోకి తొంగి చూసి వెళ్లాడు. మాస్టరమ్మ దగ్గర వల ఉంది, ఎక్కడో దాచింది అని పారాలో గడపగడపకూ చెప్పాడట. నేను ఎదురైతే ఇప్పుడు పిల్లలు రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తున్నారు.

బడి సరే. అతిథి టీచర్ అంటారు నన్ను, అతిథిలాగే ఉన్నాను. నా గొంతు వెనక వరసకు చేరదు. నాన్న కిరందుల్ నుంచి ఫోన్ చేస్తే మాట్లాడటానికి ఎర్రబోరు రోడ్డు దాకా నడవాలి. ఆయన ఎప్పుడూ ఒకటే అడుగుతారు, ఆ అడవిలో ఎన్నాళ్లు అని.

మీ అమ్మ బాగుంది. మోకాళ్ల నొప్పి తగ్గింది. నీ గురించి నన్నేమీ అడగదు. నీ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం దాన్ని ముందు తన చేతిలోకి తీసుకుని బరువు చూస్తుంది. తర్వాత చదవమని నాకిస్తుంది.

భవాని

*

మఠం, ఏలూరు,
ఆగస్టు 24

ఓయ్ భవానీ,

నీ ఉత్తరం బుధవారమే వచ్చిందట. ఇక్కడ ఉత్తరాలు ఆదివారం పూజ అయ్యాకే ఇస్తారు. ఫోన్ అసలు లేదు, దీక్షాకాలం పూర్తయ్యేదాకా. కాబట్టి నువ్వు ఏం రాసినా నాకు పాతబడే చేరుతుంది. అది గుర్తుపెట్టుకుని రాయి.

రెండు పేజీలు పిట్టలకు, మా అమ్మకు నాలుగు వాక్యాలు. న్యాయమేనా?

నీకు చెప్పకూడదు గానీ, ఆ జామచెట్టు మీద నేను గులేల్‌లో రాయి పెట్టి కొట్టని పిట్ట లేదు. గువ్వ రుచి నాకింకా గుర్తే. ఇక్కడ తోటివాళ్లతో అంటే మొహం తిప్పుకున్నారు, మరునాడు వాళ్లే కోడికూర రెండోసారి వడ్డించుకున్నారు. నువ్వు మాత్రం నన్నేమీ అనకు. నువ్వు తొమ్మిదో తరగతిలో ప్రార్థన చదవడానికి లేచి స్పృహ తప్పినప్పుడు నిన్ను ఎత్తుకెళ్లింది నేనే. పిట్టంత బరువున్నావు.

మా అమ్మ గురించి ఇంకొంచెం రాయి. బోరింగు దగ్గర అందరితో మాట్లాడుతుందా? ఎవరైనా ఏమైనా అంటున్నారా? నీకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. రెండేళ్ల కింద నేను సిస్టర్ల దగ్గరికి వచ్చేసినప్పుడు ఊరి పెద్దలు కూర్చుని మా అమ్మను పిలిచారు. "నీ బిడ్డ అటు పోయింది. నువ్వెటు?" అని అడిగారు. అమ్మ తన కాళ్ల వైపు చూపించి, "నా కాళ్లు ఈడనే ఉన్నయ్, చూసుకోండ్రి" అందట. ఆ మాట మీదే ఆమె ఆ ఊళ్లో నిలబడి ఉంది. అందుకే నేను సెలవు అడిగినా అటు రాను. నన్ను చూస్తే వాళ్లకు ఆ ప్రశ్న మళ్లీ గుర్తొస్తుంది.

ఎత్తు చేలల్లో వరి పండుతోందా? కొత్తల పండుగ ఎప్పుడంటున్నారు? పోయినేడు ఆ రోజు నేను ఇక్కడ మామూలు అన్నం తిన్నాను. ఎవరికీ చెప్పలేదు.

హిడ్మే

*

ఎర్రబోరు దగ్గర,
సెప్టెంబరు 16

హిడ్మేకు,

ఈ ఉత్తరం ఉదయం మొదలుపెట్టాను. ఇప్పుడు సాయంత్రం. ఉదయం రాసింది కొట్టెయ్యకుండా అలాగే ఉంచుతున్నాను.

ఉదయం రాసింది: ఇవాళ జీనువాయిలు వచ్చాయి. బొటనవేలంత పిట్టలు, గోధుమరంగు, రొమ్ము మీద పొలుసుల్లాంటి చుక్కలు. ఇన్నాళ్లూ కంచె దాకా వచ్చి వెనక్కి పోయేవి. నూకలు వాటికి నచ్చవనుకుంటాను, గింజను అవే ఒలుచుకోవాలి. మా నాయనమ్మ శ్రీకాకుళంలో కొత్త వరి కంకులను కుచ్చుగా అల్లి చూరుకు కట్టేది. పిట్టలు తిన్న ఇల్లు నిండుగా ఉంటుందనేది. నిన్న బడి నుంచి వస్తూ మీ ఎత్తు చేను గట్టున పండిన కంకులు ఒక గుప్పెడు కోశాను. అల్లిక సరిగ్గా రాలేదు గానీ ముందు చూరుకు కట్టాను. తెల్లవారేసరికి నాలుగు జీనువాయిలు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఇంత దగ్గర నుంచి వాటి ముక్కు గింజను తిప్పడం చూశాను. చాలా సంతోషంగా ఉంది.

ఇంతవరకు ఉదయం.

మధ్యాహ్నం బడి నుంచి వచ్చి గదిలో ఉన్నాను. హుంగా బాబాయి వాకిట్లోకి వచ్చాడు. ఎప్పటిలా కూర్చోలేదు. తలుపు సందులోంచి చూస్తే పైకి, చూరు వైపు చూస్తున్నాడు. అప్పుడే మీ అమ్మ కట్టెలమోపుతో వచ్చింది.

"ఏంది ఇది?" అన్నాడు.

ఆమె మోపు దించకుండానే చూసింది.

"ఎవరు కట్టిండ్రు సన్నే?"

"నేనే కట్టిన."

"నువ్వా?"

"నేనే."

"పండుం కాకముందా? నీకు తెల్వదా?"

"మర్చిపోయిన."

"పండుం మర్చిపోయినవా నువ్వు?"

ఆమె మోపు దించి నీళ్ల చెంబు అందించింది. ఆయన తీసుకోలేదు. వెళ్లిపోయాడు.

నేను తలుపు వెనకే ఉన్నాను. బయటికి రావాల్సింది నేను. నేనే కట్టానని చెప్పాల్సింది. ఆయన వెళ్లాక వచ్చాను.

మీ అమ్మ కుచ్చు విప్పింది. కింద రాలిన పొట్టు కూడా ఆకులోకి ఎత్తింది.

"తిన్నయా?" అంది.

"తిన్నాయి. నాలుగు."

"మంచిగ తిన్నయా?"

"తిన్నాయి."

"సరే పో. లోపలికి పో." అంతే. వంట చేసింది, నాకు వడ్డించింది, తను తినలేదు.

నేను ఏం చేశాను హిడ్మే? అడిగితే చెప్పడం లేదు. రోడ్డు దాకా వెళ్లి మీ మఠం ఆఫీసుకు ఫోన్ చేశాను. ఒక సిస్టర్ ఎత్తి "ఎవరండీ?" అన్నారు. పెట్టేశాను. ఈ ఉత్తరం సుక్మా బస్సు కండక్టర్‌కు ఇస్తున్నాను. త్వరగా రాయి.

భవాని

*

మఠం, ఏలూరు,
సెప్టెంబరు 21

భవానీ,

నువ్వు ఏం చేశావో చెప్తాను.

కొత్త గింజ ముందు భూమికి పెడతాం. తర్వాత మా ఇళ్లల్లో పోయినవాళ్లకు. తర్వాత మేం తింటాం. కోళ్లకు, పశువులకు, పిట్టలకు ఆ తర్వాతే. పండుగకు ముందు చేనులో పిట్ట తింటే అది పిట్ట పని. ఇంటిమనిషి చేత్తో కోసి పెడితే అది ఇంటి తప్పు. భూమికి పెట్టకముందు ఆ ఇంటివాళ్లు పిట్టకు పెట్టారని అర్థం. ఇది నీకు చెప్పాలని నాకు తోచలేదు. పొయ్యి కాలుతుందని ఎవరూ ఎవరికీ చెప్పరు.

ఇంటి తప్పు తీరేదాకా పండుగకు రోజు పెట్టరు. పండుగ కాకుండా ఎవరూ కొత్త ధాన్యం కొయ్యరు. ఎత్తు చేలు పండి నిలబడి ఉంటాయి, రోజూ రాలుతుంటాయి. ప్రతి ఇంటివాళ్లూ తమ చేను చూసుకుని మా ఇంటి వైపు చూస్తారు. మర్చిపోయానందట. మా అమ్మ పండుగను మర్చిపోవడం. ఆ మాట ఎవరూ నమ్మరు. కూతురు అటు పోయింది, ఇప్పుడు తల్లి కూడా మన పద్ధతి వదిలింది అనుకుంటారు. నేను రెండేళ్లుగా భయపడుతున్నది ఇదే.

ఒక దారి ఉంది. ఊరిది కాని చెయ్యి చేస్తే తప్పు ఇంటిది కాదు. ఆ మనిషి ఊరు దాటితే తప్పు కూడా వెంట పోతుంది. పూజ చేసే భీమా తాత ఊరిని కూర్చోబెడతాడు. అప్పుడు లేచి చెప్పు. నేను కట్టాను, నేను ఈ ఇంటిదాన్ని కాను, వెళ్లిపోతున్నాను అని. చెప్పి పెట్టె తీసుకుని రోడ్డెక్కు. కోంటలో గది దొరుకుతుంది. అక్కడి నుంచి బడికి వెళ్లు, లేకపోతే మానెయ్. సర్పంచ్ దగ్గరికి పోకు. హెడ్‌మాస్టర్‌తో అనకు. డబ్బు ఇస్తానని అసలు అనకు.

నీకు మాట్లాడటం కష్టమని తెలుసు. ఈసారి నీ బదులు లేవడానికి నేను లేను. మా అమ్మ నీకోసం అబద్ధం ఆడింది. ఆ ఇల్లు నీది కాదు భవానీ. నీకు వేరే ఇల్లు ఉంది. ఆమెకు అదొక్కటే.

హిడ్మే

*

ఎర్రబోరు దగ్గర,
సెప్టెంబరు 30

హిడ్మేకు,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. మీ అమ్మ బరువు చూసి, "ఈసారి తేలికగుంది. ఏం రాసింది?" అంది. బాగున్నానని రాసింది అన్నాను. చదవమంది. నువ్వు రాసింది చదవకుండా, బాగున్నాను, నువ్వెలా ఉన్నావు అని రెండు మాటలు నేనే చెప్పాను. ఆమె ఉత్తరంలోని గీతలవైపు చూసింది. రెండు మాటలకు అన్ని గీతలు ఉండవని ఆమెకు తెలుసు.

ఈ రెండు వారాలూ ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. అనకపోవడమే ఇబ్బందిగా ఉంది. బోరింగు దగ్గర నేను వెళ్తే మాటలు ఆగుతాయి. మీ అమ్మ నీళ్లకు తెల్లవారకముందే వెళ్తోంది. ఎత్తు చేల మీద చిలకలు గుంపులుగా దిగుతున్నాయి, జీనువాయిలైతే లెక్కలేదు. మాస్టరమ్మ పిలిచిన పిట్టలే అని ఒక ముసలామె నాకు వినపడేలా అంది. నేను మూకుళ్లు బోర్లించాను. మీ అమ్మ వాటిని తిప్పి, తనే నూకలు పోసింది.

"పిట్టలేం జేసినయ్? పెట్టు," అంది.

ఆదివారం పొద్దున భీమా తాత ఇప్పచెట్టు కింద ఊరిని కూర్చోబెట్టాడు. నేను పెట్టె సర్దుకునే వెళ్లాను. నువ్వు రాసిన మూడు మాటలు దారంతా అనుకుంటూ వెళ్లాను. వాళ్లు తమ దోర్లీ భాషలో మాట్లాడుకున్నారు. నాకు సగమే తెలిసింది. మీ అమ్మ ఆడవాళ్లలో కూర్చుంది, ఆమెకు అటూ ఇటూ కొంచెం ఖాళీ ఉంది. ఆమె పేరు వచ్చినప్పుడు నేను లేచాను. మాట్లాడాను. ఎవరికీ వినపడలేదు.

"ఆగుండ్రి, మాస్టరమ్మ ఏమో అంటుంది," అన్నాడు హుంగా బాబాయి.

"ఏంది? పిట్ట కూసినట్టున్నది. మళ్ల చెప్పు," అన్నాడు భీమా తాత, నాకోసం తెలుగులో.

"కంకులు నేను కట్టాను. సన్నమ్మ కాదు."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. వాళ్లకు ముందే తెలుసు హిడ్మే. చెప్పేది ఎవరని చూస్తున్నారంతే.

"ఎందుకు కట్టినవ్?"

"మా నాయనమ్మ కట్టేది. పిట్టలు తింటే మంచిదని."

"మీ దిక్కు పండుం లేదా?"

"ఇలా లేదు తాతా. కోస్తాం, తింటాం."

"అడగకుండనే?"

"అడగకుండానే."

ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. కోపం కాదది. దిక్కులేని పిల్లను చూసినట్టు చూశారు.

భీమా తాత చాలాసేపు పొగాకు నలుపుకున్నాడు. "ఈ పిల్ల ఊరిది కాదు. దీనికి తెల్వదు. ఇది పోతే తప్పు దీంతోనే పోతది. రేపు పోతే ఎల్లుండి పండుం పెట్టుకుందాం. ఏమంటవ్ బిడ్డా?" అన్నాడు.

పోతాను అనడానికి నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. అప్పుడు మీ అమ్మ లేవకుండానే అంది.

"అది నా ఇంటిది."

"సన్నే, ఆలోచించి చెప్పు. ఇంటిదంటే తప్పు నీ ఇంటిదే అయితది."

"ఇంటిదే. నా పొయ్యి మీదిది తింటది. నా చాప మీద పంటది."

"రేపు ఎట్లనో పోయేదే గద, టీచరు."

"పోయిననాడు పోతది. నేనైతే పంపను. ఒకదాన్ని పంపిన. ఇంకోదాన్ని పంపను."

ఇది నీకు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాయకపోతే మళ్లీ తలుపు వెనక నిలబడినట్టే అనిపించింది.

తీర్పు ఇది. మీ ఇంటి పంది పండుగకు ఇవ్వాలి. అది మీ అమ్మ వెంటనే ఒప్పుకుంది. తర్వాత హుంగా బాబాయి వెటకారంగా అన్నాడు, "పిట్టలను పిలిచే విద్దె గట్టిగ ఉన్నది గద ఆమెకు. తోలమనుండ్రి చూద్దాం." అందరూ నవ్వారు. భీమా తాత నవ్వలేదు. "తోలనీ," అన్నాడు. "మీది ఎత్తు చేలన్నిటికీ అదే కావలి. వచ్చే శనివారం కాక పై శనివారం పండుం. అప్పటిదాక కంకులు నిలిస్తే సన్నే పండుం బువ్వకు మనతోని కూసుంటది. నిలవకపోతే ఈ ఏడు కూసోదు."

మీ అమ్మ కూర్చోకపోతే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దసరా సెలవులు మొదలయ్యాయి. నేను రేపటి నుంచి మంచె మీద ఉంటాను. నాకు అరవడం రాదు.

భవాని

*

మఠం, ఏలూరు,
అక్టోబరు 5

భవానీకి,

ఆ మాట రాయకుండా ఉండాల్సిందని మొదట అనుకున్నాను. తర్వాత మళ్లీ చదివాను. ఒకదాన్ని పంపిన, అందా? నేను ఇన్నాళ్లూ ఆమెను వదిలేసి వచ్చాననుకుంటున్నాను. బస్సెక్కిన రోజు ఆమె ఇంట్లోంచి బయటికి రాలేదు. పంపిందని నాకు తెలియదు.

ఇంకేమీ రాయలేను దాని గురించి. మా సిస్టర్ నా మొహం చూసి, మొక్కలకు నీళ్లు పోసి రమ్మని తోటలోకి పంపారు.

ఇప్పుడు విను. ఒడిసెలతో రాయి విసరడం నీకు చేతకాదు, నీ తలే పగులుతుంది, ముట్టుకోకు. చిలకలు వాగు వైపు నుంచి వస్తాయి, వెలుగు రాకముందే. వాటికి డబ్బా చప్పుడు చాలు. జీనువాయిలు డబ్బాకు రెండు రోజుల్లో అలవాటు పడతాయి, తర్వాత డబ్బా మీదే వాలతాయి. వాటికి మనిషి గొంతే కావాలి. ఒకే అరుపు అరవకు, మార్చి మార్చి అరవాలి. గొంతుతో కాదు, పొట్టలోంచి. గడ్డి బొమ్మలు పెట్టకు, ఊరంతా నవ్వుతారు.

ఈ ఉత్తరం చేరేసరికి పండుగ అయిపోతుందేమో. అయినా రాస్తున్నాను. ఆ కోపం ఉత్తరం అమ్మకు చదివి వినిపించలేదు కదా? దాన్ని చింపెయ్. ఆ ఇల్లు నీది కాదన్నాను, ఆ ముక్క ముందు చింపు.

హిడ్మే

*

ఎర్రబోరు దగ్గర,
అక్టోబరు 13

హిడ్మేకు,

నీ సలహాలు పండుగ మరునాడు చేరాయి. అన్నీ నిజమే. అప్పటికే అన్నీ తప్పుగా చేసి నేర్చుకున్నాను.

మొదటి రెండు రోజులు ఘోరం. డబ్బా కొట్టాను. చిలకలు లేచాయి, జీనువాయిలు లేవలేదు. "హో" అని అరిస్తే నా అరుపు మంచె దిగలేదు. సాయంత్రానికి హుంగా బాబాయి చేను మూల ఒక మంచమంత మేర ఖాళీ గడ్డి మిగిలింది. ఆయన వచ్చి కంకి తుంచి చూసి వెళ్లాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నెలల తరబడి నేను ఆ పిట్టల కోసం ఎదురుచూశాను. ఇప్పుడు వాటిలో ఒక్కటి కనిపించినా డబ్బా అందుకునేదాన్ని. ఒక్క గుంపు దిగితే మీ అమ్మ చాప ఒక మూర వెనక్కి జరిగినట్టే.

మూడో రోజు పొద్దున్న ఏం అరవాలో తెలియక అయిదో తరగతి హాజరు పిలిచాను. నాకు నోటికి వచ్చింది అదొక్కటే. ముందు మామూలుగా, తర్వాత గట్టిగా. మీనా, వినోద్, మంగు, జోగా అని వరసగా. ప్రతి పేరూ వేరుగా ఉంటుంది కదా, జీనువాయిలు ప్రతి పేరుకూ లేచాయి. కాసేపటికి కింద దారిలో మేకలు తోలుకుపోతున్న మంగు ఆగి, "యస్ మేడం" అంది. మధ్యాహ్నానికి పారాలో ఎక్కడున్నవాళ్లు అక్కడి నుంచి పలకడం మొదలుపెట్టారు, వాగులోంచి, ఇంటి కప్పు మీంచి. జోగా రాలేదని వాళ్ల నాన్న పలికాడు. రోజుకు ఎన్నిసార్లు పిలిచానో తెలియదు. నా గొంతు పోయింది, మళ్లీ వచ్చింది, వచ్చింది వేరే గొంతు.

చేతులు కంకి గీతలతో నిండిపోయాయి. శుక్రవారం చీకటిపడేదాకా మంచె మీదే ఉన్నాను. ఆఖరి గుంపు పోయాక కూడా దిగబుద్ధి కాలేదు, మళ్లీ వస్తాయేమోనని.

శనివారం భీమా తాత చేలన్నీ తిరిగాడు. నేను వెనక నడిచాను, మీ అమ్మ రాలేదు. హుంగా బాబాయి చేను మూల దగ్గర ఆయన చాలాసేపు నిలబడ్డాడు. బాబాయి అన్నాడు, "అది ఎలుక తిన్నది." ఎలుక కాదని ముగ్గురికీ తెలుసు. భీమా తాత ఒక గింజ పంటికింద పెట్టి కొరికి చూడలేదు, ఇంకా పెట్టకూడదు కదా. గోటితో చీల్చి చూసి, సరే అన్నాడు.

మీ అమ్మ కూర్చుంది. వరసలో చివర. ఆమె పక్కన నన్ను కూర్చోమన్నారు. ముందు భూమికి పెట్టారు, తర్వాత పేర్లు పిలుస్తూ పోయినవాళ్లకు. మీ నాన్న పేరు విన్నాను. తర్వాత ఆకుల్లో అన్నం వచ్చింది. కొంచెం చిమిడింది, పచ్చి గడ్డి వాసన. అందరూ మొదటి ముద్ద పెట్టుకునేదాకా ఆగి తిన్నాను. మీ అమ్మ ఇంకో ఆకు పరిచి అందులో కూడా ఒక ముద్ద పెట్టించుకుంది. ఎవరిదని ఎవరూ అడగలేదు. ఆ ముద్ద ఆమే తింది.

నీ కోపం ఉత్తరం మీ అమ్మకు చదవలేదు, చింపాను. నిన్న వచ్చింది మాత్రం మొత్తం చదివాను. "పంపిందని నాకు తెలియదు" దగ్గర ఆపమంది. మళ్లీ చదవమంది. చదివాను.

"బయటికి వస్తే ఏడుస్తనని రాలే. ఏడిస్తే అది బస్సెక్కదు," అంది. తర్వాత పందిదొడ్డి దగ్గరికి వెళ్లి, ఖాళీగా ఉంది కదా, ఊడ్చి వచ్చింది. ఈ మాట నీకు రాయమని చెప్పలేదు. రాయొద్దని కూడా చెప్పలేదు.

నీకు సెలవు దొరికితే రా. వస్తే ఎక్కడ కూర్చోవాలో అని భయపడకు. ఆమె వరసలో చివర చాలా చోటుంది.

ఇవాళ రోడ్డు దగ్గర నాన్న ఫోన్ దొరికింది. చాలా కోప్పడ్డారు. నేను జవాబు చెప్పాను, ఆయన ఫోన్ చెవికి దూరంగా పెట్టినట్టున్నారు.

భవాని

తా.క. జగదల్‌పూర్‌లో లైబ్రరీ ఉద్యోగం నాకు సెప్టెంబరులోనే వచ్చింది. చేరాల్సిన ఆఖరి రోజు మొన్న శుక్రవారం.